సున్నాల ఆదివారం

ఆదివారం చర్చి అవగానే పౌలీనా హుడాక్ ఇంటికి కూడా పోదు, నేరుగా స్టేడియానికే. నెత్తికి కట్టిన గుడ్డ విప్పి మెడకి చుట్టుకుని, ఎడంవైపు గోడ వెనకున్న ఇనప నిచ్చెనెక్కి స్కోరుబోర్డు లోపలికి దూరుద్ది. లోపలంటే ఏముంటది, రేకు డబ్బా. జులైలో అందులో గుడ్డు పెడితే ఉడికిపోద్ది. ఒక స్టూలు, ఒక నీళ్ళ సీసా, గోడ నిండా మేకులు, మేకులకి రేకు అంకెలు. అన్నిట్లోకీ సున్నాలే ఎక్కువ, ఎందుకంటే వాడకం వాటికే. స్లేటన్ హామర్స్ అనే ఆ బేస్‌బాల్ జట్టు బ్యాటింగ్ అట్లాంటిది మరి.

ఆమె తడిగుడ్డతో అంకెలు తుడుస్తా ఉంటే కింద పాత గొంతులు మొదలవుతాయి. ఆ స్టేడియంలో అరిచిన అరుపు బయటికి పోదు. మెట్ల కింద ఎక్కడో పడుంటది, ఏడాదికో పదేళ్ళకో బుద్ధి పుట్టినప్పుడు పైకొస్తది. యుద్ధానికి ముందు ఎవడో కొట్టిన హోమ్ రన్ తాలూకు కేకలు ఎండలు ముదిరాక మూడో బేస్ వైపు వస్తాయి. ఎప్పుడో పోయిన వేరుశెనక్కాయల ముసలాయన గొంతు "వేడి వేడి" అంటా వరసల మధ్య తిరుగుద్ది. ఇప్పుడు అమ్మేవాడు అది వచ్చినప్పుడు నోరు మూసుకుని పొట్లాలు అందిస్తాడు, అరిచే పని తప్పింది కదా అని.

ఆటగాళ్ళకి మాత్రం కాస్త ఇబ్బందే. గాల్లోకి లేచిన బంతి కోసం ఇద్దరు పరిగెత్తితే ఒకడు "నాది" అని అరవాలి, రెండోవాడు ఆగిపోవాలి. లేకపోతే బుర్రలు పగుల్తాయి. ఇక్కడేమో పాతికేళ్ళ "నాది"లు గాల్లో తిరుగుతా ఉంటాయి. అందుకే హామర్స్‌లో చేరినవాడి చేత ముందు అవన్నీ బట్టీ పట్టిస్తారు, ఏది ఎవడిదో. పాత గొంతని గుర్తుపట్టావా, పట్టించుకోకు, పరిగెత్తు. గుర్తుపట్టలేదా, అది బతికున్నవాడిదే, ఆగు. అంతే లెక్క.

ఇక పౌలీనా పని అంకెలు తగిలించడమే అనుకుంటే మనంత అమాయకులు లేరు.

పిచర్ బంతి వేసేముందు అవతల కూర్చున్న క్యాచర్ కాళ్ళ మధ్య వేళ్ళు చూపిస్తాడు, ఏ బంతి వెయ్యాలో. ఒక వేలంటే సూటి బంతి, రెండు వేళ్ళంటే వంపు బంతి. దొంగలుంటారని నాలుగుసార్లు చూపిస్తాడు, అందులో ఒకటే అసలుది. పౌలీనా ఒక సున్నా నడుమ కొట్టిన కన్నంలోంచి బైనాక్యులర్ పెట్టి ఆ వేళ్ళు చూస్తది. ఏడెనిమిది బంతుల్లో ఎన్నోది అసలుదో పట్టేస్తది. పట్టాక బోర్డు కింద అంచున ఉన్న చెక్కపట్టీ కదుపుద్ది. నిటారుగా ఉంటే సూటి, వాలితే వంపు. మైదానం అవతల బ్యాట్ పట్టుకుని నిలబడ్డ హామర్ అది చూసుకుని కొట్టాలి. కిందటేడు మేనేజర్ రైనీ చెయ్యమన్నాడు, ఆమె చేసింది. మొదట్లో మనసు పీకింది. ఏ బంతి వస్తదో ముందే తెలిసీ వీళ్ళు కొట్టలేకపోవడం చూశాక, ఇది పాపం కిందికి రాదులే అనుకుంది.

పంతొమ్మిదివందల యాభై నాలుగు జులైలో ఆ ఆదివారం మాత్రం అట్లా అనుకోవడం కుదర్లేదు. ఆడటానికొచ్చింది హాలోవే జట్టు. వాళ్ళ పిచర్ ఎమిల్. పౌలీనా సొంత తమ్ముడు.

పొద్దున చర్చి మెట్ల మీద కనపడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు, కుడి మోచెయ్యి కోటు లోపల దాచుకుని నిలబడ్డాడు, జేబుకొట్టేవాడిలా. ఎట్లా ఉందిరా అంటే బానే ఉందన్నాడు. ఆ తర్వాత బూటు చివరతో మెట్టు గోకుతా అసలు మాట చెప్పాడు. వరసగా అయిదు ఆటలు ఓడాడంట. ఈరోజు కూడా ఓడితే సాయంత్రం బస్సులో తన సీటుండదంట, ఇక్కడే దిగిపొమ్మన్నారంట. ఇక్కడ దిగితే ఏముంది, ఉక్కు మిల్లు. వాళ్ళ నాన్న ఇరవై రెండేళ్ళు అందులో బొగ్గు పొగ మింగి, ఆఖరి ఏడాది నిలబడి ఊపిరి తీసుకోలేక వంగి తీసుకునేవాడు.

"అక్కా," అన్నాడు ఎమిల్, ఆమె కళ్ళల్లోకి చూసీ చూడనట్టు. "ఆ డబ్బాలో కూర్చుని నువ్వు అంకెలే పెడతావా?"

"అంకెలు కాక అంట్లు తోముతాననుకున్నావా?"

వాడు నవ్వాడు. నోరే నవ్వింది, కళ్ళు నవ్వలేదు. అది చూసుకుంటానే ఆమె బోర్డెక్కింది.

ఎక్కి పది నిమిషాలు కాలేదు, నిచ్చెన కిర్రుమంది. రైనీ. బోర్డు కట్టినప్పట్నుంచీ ఒక్కసారి కూడా పైకి రానివాడు, పొట్ట పట్టక పక్కకి తిరిగి దూరాడు. వెనకాలే ఓర్విల్. ఓర్విల్ హామర్స్‌లో పాత పిచర్, భుజం పోయింది, బెంచీ మీద గోళ్ళు గిల్లుకుంటా బతుకుతున్నాడు. మెడలో రెండో బైనాక్యులర్.

"ఏమ్మా పౌలీనా, ఇవాళ నీకు తోడుంటాడు," అన్నాడు రైనీ.

"ఇన్నాళ్ళూ లేని తోడు ఇవాళెందుకండీ?"

"ఎండగా ఉంది కదా, కళ్ళు తిరుగుతాయేమోనని." చెమట తుడుచుకుని చెక్కపట్టీ వైపు, ఆమె వైపు చూశాడు. "తమ్ముడంట కదా. నాకూ ఉన్నాడులే ఒక తమ్ముడు. అందుకే చెప్తున్నా."

రైనీ దిగిపోయాడు. ఓర్విల్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకుని, ఆమె చేతుల్నే చూడ్డం మొదలెట్టాడు.

ఆట మొదలైంది. ఎమిల్ మొదటి బంతి వెయ్యకముందే తలెత్తి బోర్డు కేసి చూశాడు. రెండో బంతికీ చూశాడు. స్కోరు కోసం చూసేవాడు అట్లా చూడడు, కుక్క ఉందని తెలిసిన గేటుని చూసినట్టు చూశాడు. పౌలీనా ఆరు బంతుల్లో లెక్క పట్టేసింది, నాలుగింట్లో మూడోది అసలుది. ఓర్విల్‌కి వేళ్ళు కనపడతాయి గానీ లెక్క తెగదు, వాడికి స్కూల్లో కూడా తెగలేదంట, వాడే చెప్పాడు. కానీ బంతి పడ్డాక అది సూటో వంపో వాడికీ తెలుస్తది కదా. ఆమె చూపించిందీ, పడిందీ వాడు పోల్చుకుంటున్నాడు. ఆమె నిజమే చూపించింది. 

చూపించినా ఏమైంది, ఏమీ కాలేదు. ఎమిల్ ఆరోజు మోచెయ్యి మొత్తం ఖర్చుపెట్టడానికే వచ్చినట్టు వేశాడు. వంపని తెలిసి కొట్టినా బంతి నేలకే తగిలేది. సూటని తెలిసినా బ్యాట్ ఆలస్యంగానే వచ్చేది. ఇటు హామర్స్ పిచర్ కూడా తక్కువ తినలేదు. సున్నా, సున్నా, సున్నా. పౌలీనా ఒక్కో సున్నా తీసుకెళ్ళి తగిలిస్తా ఉంటే గోడ మీద మేకులు ఖాళీ అవుతున్నాయి.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆమెకి ఓపిక పోయింది.

బ్యాట్ పట్టుకుని కార్మైన్ వచ్చాడు. ఎద్దులాంటి మనిషి, ఆ జట్టులో నిజంగా కొట్టగలిగిన వాడు అతనొక్కడే. క్యాచర్ మూడోసారి ఒక వేలు చూపించాడు, సూటి. పౌలీనా చెయ్యి పట్టీ మీద ఉంది. ఒక్కసారే కదా అనుకుంది. వాల్చింది.

కార్మైన్ వంపు బంతి అనుకుని ముందుకి వంగాడు. వంపు బంతయితే మొహం మీదికి వచ్చినట్టే వచ్చి పక్కకి పోద్ది, అందుకే ధైర్యంగా వంగుతారు. ఇది పోలేదు. నేరుగా చెవి మీదికి వచ్చింది. ఆఖరి క్షణంలో నేలకి కరుచుకున్నాడు కాబట్టి సరిపోయింది, టోపీ మాత్రం గాల్లో తిరిగి వెనకాల పడింది.  మట్టిలో పడ్డ మనిషి లేచి కూర్చునేదాకా పౌలీనా బైనాక్యులర్ దించలేదు.  తమ్ముడి సీటు కోసం ఒక తల్లి కొడుకు చచ్చేవాడు.

"ఇప్పుడేం చూపించావ్?" అన్నాడు ఓర్విల్, గింజ నమలడం ఆపి.

"లెక్క తప్పింది."

"ఇన్ని ఆటల్లో తప్పలా."

"ఇప్పుడు తప్పింది."

వాడు తొక్క ఉమ్మి, బకెట్టు ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. అక్కడ మైదానంలో ఎమిల్ బంతి చేతిలో పెట్టుకుని బోర్డునే చూస్తున్నాడు. కావాలని తలకాయ తీసుకొచ్చి సూటి బంతికి ఎదురుపెట్టేవాడు లోకంలో ఉండడు, ఎవడో వంపని చెప్తే తప్ప. ఆ సంగతి వాడి మొహంలో పౌలీనాకి బైనాక్యులర్‌లో అక్షరం అక్షరం కనపడింది. కార్మైన్ కూడా బోర్డునే చూస్తున్నాడు. బెంచీ మీద రైనీ కూడా. అందరికీ ఆమె మీదే అనుమానం, అందరిదీ తలా ఒక అనుమానం.

ఆ తర్వాత ఆమె ఒక్క అబద్ధం కూడా చూపించలేదు. నిర్ణయించేసుకుంది. తమ్ముడు ఓడితే ఓడతాడు, మిల్లు పొగ మింగితే మింగుతాడు, ఒకడి పుర్రె పగలగొట్టి మాత్రం వాణ్ణి బస్సెక్కించలేదు. ఎమిల్ వాళ్ళు ఇన్నింగ్స్‌కొకసారి లెక్క మార్చారు, తర్వాత మనిషికొకసారి మార్చారు. మార్చినప్పుడల్లా ఆమె పట్టింది. తొమ్మిది ఇన్నింగ్స్ అయిపోయాయి, బోర్డు నిండా పద్దెనిమిది సున్నాలు. తొమ్మిదితో అయిపోవాల్సిన ఆట, సమానంగా ఉంది కాబట్టి పదోదాంట్లోకి పోయింది. ఎమిల్ రెండు ఇన్నింగ్స్ మధ్యలో మోచెయ్యి బకెట్టు నీళ్ళలో ముంచుకుంటున్నాడు, అది కూడా ఆమెకి కనపడింది.

పదోదాంట్లో ముందు హాలోవే బ్యాటింగ్. ఇద్దరు అవుట్. ఒకడు ఎట్లాగో మొదటి బేస్ మీద నిలబడ్డాడు. తర్వాత కొట్టాల్సింది పిచరే, అంటే ఎమిల్. వేరేవాణ్ణి పంపిద్దామంటే ఎమిల్‌ని తీసెయ్యాలి, తీసేస్తే బంతి వేసేవాడు లేడు. సరే పొమ్మన్నారు. హాలోవే కొడుతున్నంతసేపూ పౌలీనాకి చూపించే పని లేదు, తినడానికి టైము దొరికింది, సంచీలోంచి రొట్టె ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

ఎమిల్ గాల్లోకి లేపాడు. ఎత్తుగా, నీరసంగా, బోర్డు ముందరికే వస్తా ఉంది. చంటిపిల్లాడు కూడా పట్టేసే బంతి. హామర్స్ వాళ్ళు ఇద్దరు, ఎడం పక్కనుంచి ఒకడు, నడుమనుంచి ఒకడు, పైకి చూస్తా పరిగెత్తారు.

"నాది, నాదే, తప్పుకో," అంది ఒక గొంతు.

సన్నటి ఆడపిల్ల గొంతు. బోర్డు కిందనుంచే వచ్చింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. పాతికేళ్ళ గొంతులన్నీ వాళ్ళకి కంఠతా వచ్చు, ఈ గొంతు అందులో లేదు. లేకపోతే బతికున్నదే, బతికున్నదైతే ఆగాలి. ఆగారు. వేరే ఊరి ఆటగాళ్ళయితే ఆడపిల్లకి ఇక్కడేం పని అనుకుని పట్టేసుండేవాళ్ళు. బంతి వాళ్ళిద్దరి మధ్యా గడ్డిలో పడి ఒకసారి ఎగిరి ఊరుకుంది. మొదటి బేస్ మీదున్నవాడు ఆగకుండా మొత్తం చుట్టి వచ్చేశాడు, ఒక పరుగు. ఎమిల్ రెండో బేస్ మీద నిలబడ్డాడు.

పౌలీనా నోట్లో ముక్క నోట్లోనే ఉంది. ఆమెకి తెలుసు ఎవరి గొంతో. బయటి గోడ కన్నంలోంచి దూరే రోజుల్లో, స్టేడియం ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలు, పదకొండేళ్ళ పౌలీనా ఏడేళ్ళ ఎమిల్‌ని ఈ గడ్డిలోనే అటూ ఇటూ పరిగెత్తించేది, ఒక్క బంతి కూడా వాడికి దక్కనిచ్చేది కాదు. ఆ అరుపు ఇరవై మూడేళ్ళు ఎక్కడ పడుందో, ఇప్పుడు తీరిగ్గా వచ్చింది.

ఓర్విల్ ఆమె మూతి కేసి చూశాడు. మూతి నిండా తిండి. అయినా రెండోసారి చూశాడు.

ఆమె లేచి హాలోవే పదో గడిలో ఒకటి తగిలించింది. తర్వాత బైనాక్యులర్ తీసుకుని చూస్తే రైనీ అంపైర్ మీదికి పోతున్నాడు. మాటలు వినపడవు, కానీ వేళ్ళు చదివే మనిషికి చేతులు చదవడం ఎంతసేపు. రైనీ బోర్డు వైపు చెయ్యి చూపిస్తున్నాడు, లోపల్నుంచి అరిచింది, లోపల్నుంచే అరిచింది అని. అంపైర్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని విన్నాడు. పాత గొంతయితే గాలితో సమానం, ఆట సాగాల్సిందే, అది అక్కడి రూలు. బతికున్న మనిషే అరిచుంటే వేరే సంగతి, అప్పుడు బోర్డు తలుపు తీయించి లోపల ఎవరెవరున్నారో చూడాలి. అంపైర్ బోర్డు వైపు నడవబోయాడు. హాలోవే మేనేజర్ ఎంత సంతోషంగా వెంట బయల్దేరాడంటే, టోపీ కూడా సర్దుకున్నాడు.

తలుపు తీస్తే బైనాక్యులర్లూ చెక్కపట్టీ కూడా బయటపడతాయి. రైనీ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఈలోపు ఓర్విల్ బైనాక్యులర్ చొక్కాలో దూర్చుకుని నిచ్చెన దిగేస్తున్నాడు. "నేనిక్కడికి రాలేదు," అన్నాడు పోతా పోతా. గింజల తొక్కలు మాత్రం అట్లాగే పడున్నాయి.

అంపైర్ రాలేదు. రైనీ వద్దులెమ్మని చెప్పినట్టున్నాడు, పాత గొంతే అయ్యుంటదిలెమ్మని. ఆట మళ్ళీ మొదలైంది. హాలోవేలో తర్వాతివాడు అవుటయ్యాడు, హామర్స్ బ్యాటింగ్‌కి దిగారు. హామర్స్‌కి ఇదే ఆఖరి అవకాశం. ఒకడు కొట్టి మూడో బేస్ దాకా చేరాడు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకడు అవుటైతే ఆట అయిపోయినట్టే. అప్పుడు కార్మైన్ వచ్చాడు, చెవి పక్కన ఇంకా మట్టి తుడుచుకోలేదు.

ఒక్క మంచి దెబ్బ పడితే ఆట సమానం. రెండు పడితే ఎమిల్ పని అయిపోయినట్టే. ఎమిల్ చెయ్యి అప్పటికే వేలాడుతోంది. పౌలీనా ఒక్కతే డబ్బాలో. పక్కన ఎవడూ లేడు, ఎట్లా తిప్పినా అడిగేవాడు లేడు. ఆమె వేళ్ళు చూసింది. సూటి. నిజమే చూపించింది, పట్టీ నిటారుగా. కార్మైన్ బోర్డు చూశాడు, బ్యాట్ కొంచెం ఆపి పట్టుకున్నాడు. సూటి బంతి వచ్చి పక్కనుంచి పోయింది, బ్యాట్ అది పోయాక వచ్చింది. స్ట్రైక్. మూడు పడితే మనిషి అవుట్.

వంపు కోసం చూశాడు. నిటారు పట్టీ చూసి వంపు కోసం చూశాడు.

పౌలీనాకి అప్పుడు వెలిగింది. ఆ అరుపు విన్నాక ఆమె తమ్ముడి పక్షమని అతనికి రూఢి అయిపోయింది. ఇంక ఆమె ఏది చూపిస్తే దానికి ఎదురుది కొడతాడు. అబద్ధం చూపిస్తే అతనికి నిజం తెలిసిపోద్ది. నిజం చూపిస్తే తమ్ముడు గెలుస్తాడు.

రెండో బంతికి మళ్ళీ ఒక వేలే. ఆమె చెయ్యి ఆగింది. నిజం చూపిస్తే అతను వంపనుకుని మళ్ళీ ముందుకి వంగుతాడు, ఏడోదాంట్లో వంగినట్టే. క్యాచర్ చెయ్యి ఎక్కడ పెడతాడా అని చూసింది. దూరంగా, మోకాళ్ళ కింద పెట్టాడు. తలకి ఆమడ దూరం. అప్పుడు నిటారుగా పెట్టింది. కార్మైన్ వంగాడు, అంచుకి తగిలించాడు, బంతి గీత బయటికి పోయింది. అదీ లెక్కకొస్తది, రెండు స్ట్రైకులు.

మూడోదానికి క్యాచర్ వేళ్ళు చాలాసేపు చూపించాడు. ఎమిల్ ఒకసారి కాదని తల ఊపాడు. మళ్ళీ చూపించాడు. రెండు వేళ్ళు. ఆ మోచేత్తో వంపు వెయ్యడమంటే ఎంత నొప్పో ఆమెకి తెలుసు. వెయ్యబోయే ముందు వాడు కూడా బోర్డు కేసి చూశాడు. పిచర్ చూస్తున్నాడు, బ్యాటర్ చూస్తున్నాడు, బెంచీ మీద రైనీ చూస్తున్నాడు. పౌలీనా పట్టీని వాల్చింది. దాచకుండా, అందరికీ కనపడేట్టు, నిండుగా వాల్చింది.

కార్మైన్ సూటి బంతికి తిప్పినట్టు తిప్పాడు, ఉన్న బలమంతా పెట్టి. బంతి ఇంకా దారిలోనే ఉంది. తిప్పిన జోరుకి గిర్రున తిరిగి మోకాలి మీద పడ్డాడు. అప్పుడొచ్చింది బంతి, తీరిగ్గా వంగి, క్యాచర్ చేతిలోకి. ఆట ఒకటి, సున్నా.

రైనీ సాయంత్రం ఆమెని ఏమీ అనలేదు. పట్టీ సంగతి తెలిసిన మనిషిని పనిలోంచి తీసేస్తే బయటికెళ్ళి ఎవరికి చెప్తదో అని, చచ్చేదాకా అదే డబ్బాలో కూర్చోబెట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ పట్టీ కదపమని మాత్రం అడగలేదు.

హాలోవే బస్సు గేటు పక్కన ఇంజను వేసి ఉంది. ఎమిల్ కిటికీ దగ్గర కూర్చున్నాడు, మోచేతికి తడిగుడ్డ చుట్టుకుని. మంగళవారం మళ్ళీ వెయ్యమన్నారంట. ఆ సీటు మీద వాడు ఇంకో నాలుగేళ్ళు కూర్చున్నాడులే, అది తర్వాత సంగతి. గొంతు గురించి వాడేమీ అడగలేదు. అందులో అడగడానికేముంది.

"ఏడోదాంట్లో వాడికేం చూపించావ్?" అన్నాడు.

పౌలీనా చుట్టూ చూసింది. "అబద్ధం," అంది.

"మిగతావన్నీ?"

"నిజం."

ఎమిల్ దవడ బిగుసుకుంది.  "చివరిది?"

"అదీ నిజమే. వంపనే చూపించా."

"మరి వాడెట్లా పోగొట్టుకున్నాడు?"

"నన్ను నమ్మలా."

ఎమిల్ ఆమె మొహంలోకి చూశాడు, ఆట మొదట్లో బోర్డుని చూసినట్టే. ఈ మాట నమ్మాలా వద్దా అని వాడింకా తేల్చుకోకముందే బస్సు కదిలింది.